కౌజు పిట్టల వేటకు మా పొలం ఇవ్వమంటున్నారు. వేట ఉంటేనే పిట్ట బతుకుతుందట, నిజమేనా?

అబిలీన్_పొలం
రెండేళ్ళ కిందట నేనూ ముగ్గురు స్నేహితులూ కలిసి టెక్సస్‌లో అబిలీన్‌కు ఉత్తరాన 210 ఎకరాలు కొన్నాం. డాలస్ నుంచి మూడు గంటల పైన ప్రయాణం. మెస్కిట్ చెట్లు (మన సర్కారు తుమ్మకు దగ్గర చుట్టం), నాగజెముడు, మధ్యలో ఎండిపోయిన వాగు. మొదటి శీతాకాలం ఆ నాగజెముడు పక్క నుంచి నడుస్తుంటే కాళ్ళ దగ్గర నుంచి పది పన్నెండు పిట్టలు ఒక్కసారి బుర్రుమని లేచాయి. గుండె ఝల్లుమంది. బాబ్‌వైట్ అనే కౌజు అని తర్వాత తెలిసింది.

ఇప్పుడు పక్క రాంచ్ (పశువుల పొలం) పెద్దాయన ఒక ఆలోచన తెచ్చాడు. ఆయనదీ, మాదీ, ఇంకో ఇద్దరిదీ కలిపితే రెండు వేల ఎకరాలు దాటుతుంది. వేటగాళ్ళకి సీజన్ లీజు ఇద్దాం, పాత ఇల్లు బాగుచేసి బస పెడదాం, ఊళ్ళో మూతపడబోతున్న కేఫ్ కూడా నిలబడుతుంది అంటాడు. "వేట ఆగిపోతే ఈ గడ్డిని ఎవడూ ఉంచడు, గడ్డితోపాటే పిట్టా పోతుంది" అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. కానీ మా అమ్మకి ఫోన్‌లో చెబితే "పిట్టల ఉసురు పోసుకుంటారా" అంది. నలుగురిలో ఇద్దరు సరే, ఒకడు ససేమిరా. నాకు టెన్షన్. ఈ మాటలో నిజం ఎంత? తెలిసినవాళ్ళు చెప్పండి.

పల్లె_పద్మ
చంపి కాపాడటం ఏమిటి? మీ అమ్మగారి మాట వినండి.

గోదారి_గట్టు
నేనైతే ఫ్రై గురించి అనుకుని లోపలికొచ్చాను. రావులపాలెం దగ్గర దాబాలో దొరికేది ఇదేనా?

కంజు_ఫార్మ్_జగిత్యాల
కాదన్నా. మన దగ్గర ఫార్మ్‌ల పెంచేది జపనీస్ కౌజు. 1974లో మన ప్రభుత్వ పరిశోధన సంస్థ బయటి నుంచి తెప్పించిన జాతి. ఐదు వారాలకు కోతకొస్తది, ఏడో వారంకల్లా గుడ్డు పెడుతది. ఆయన చెప్పేది అమెరికా గడ్డిల ఉండే అడవి పిట్ట. రెంటికీ పేరొక్కటే. మా దిక్కు కంజు అంటం, ఆంధ్రల కౌజు అంటరు.

కడప_కలివి
మా తాత కౌజు అన్నది కాస్త పెద్ద పిట్టను. ఈ చిన్నదాన్ని పూరేడు అనేవాడు. ఇప్పుడు అన్నీ కౌజులే అయిపోయాయి, సరే.

థామస్‌విల్_డాక్టర్
నేను పదకొండేళ్ళుగా జార్జియా దక్షిణాన థామస్‌విల్‌లో ఉంటున్నాను. ఇక్కడి నుంచి ఫ్లోరిడాలోని టాలహాసీ దాకా రెడ్ హిల్స్ అంటారు. పద్మగారి మాట నాకూ మొదట్లో అనిపించిందే. వచ్చిన కొత్తలో వేట ఎస్టేట్ల పక్కనుంచి వెళుతూ, మార్చిలో అడవికి నిప్పు పెట్టడం చూసి పోలీసులకి ఫోన్ చేయబోయాను. అది కావాలని పెట్టే మంట. రెండేళ్ళకోసారి నేల మీద తక్కువ ఎత్తులో కాలుస్తారు. పొదలు పోతాయి, పైన్ చెట్లు నిలుస్తాయి, కింద గడ్డి, పూల మొక్కలు వస్తాయి. కౌజుకి కావలసింది అదే.

1920లలో హెర్బర్ట్ స్టాడర్డ్ అనే ఆయన్ని ఇక్కడి ఎస్టేట్ యజమానులు కౌజులు తగ్గుతున్నాయని అధ్యయనానికి పిలిపించారు. అప్పట్లో అటవీశాఖ వాళ్ళు మంటంటేనే మండిపడేవారు. స్టాడర్డ్ మాత్రం మంట లేకపోతే కౌజు లేదని తేల్చి 1931లో పుస్తకం రాశాడు. 1958లో టాల్ టింబర్స్ అనే పరిశోధన కేంద్రం పెట్టారు, ఇప్పటికీ పనిచేస్తోంది. లాంగ్‌లీఫ్ పైన్ అడవి ఒకప్పుడు దక్షిణ రాష్ట్రాల్లో తొమ్మిది కోట్ల ఎకరాలు ఉండేది, తర్వాత ముప్పై లక్షలకి పడిపోయింది. మిగిలిన మంచి ముక్కల్లో కొన్ని ఈ వేట ఎస్టేట్లలోనే ఉన్నాయి. ఎర్రతురాయి వడ్రంగి పిట్ట, గోఫర్ తాబేలు లాంటివి వాటి గొడుగు కింద బతుకుతున్నాయి. వేటగాళ్ళకి వాటితో పని లేదు. కౌజు కోసం పెట్టిన మంటే వాటినీ కాపాడింది.

పల్లె_పద్మ
అంటే ధనవంతుల సరదా కోసం ఉంచిన నేల. ఆ ఎస్టేట్లు ఎవరి చెమట మీద నిలబడ్డాయో కూడా రాయండి డాక్టర్ గారూ.

థామస్‌విల్_డాక్టర్
రాయాల్సిందే. బానిసత్వం నాటి పత్తి తోటలవి. అంతర్యుద్ధం తర్వాత ఉత్తరాది ధనవంతులు కొనుక్కున్నారు. వేట కుక్కల్ని తీర్చిదిద్దినవాళ్ళు, బళ్ళు తోలినవాళ్ళు, నిప్పు పెట్టినవాళ్ళు ఎక్కువగా నల్లజాతి కుటుంబాలే. నా పేషెంట్ ఒకాయనది మూడు తరాలుగా కుక్కల పని. గాలి ఎటు తిరిగితే మంట ఎటు మళ్ళుతుందో చేత్తో చూపిస్తాడు. స్టాడర్డ్‌కు ముందే ఇక్కడి పల్లె జనం అడవి కాల్చేవారు. ఆ తెలివి వాళ్ళది, పేరు మాత్రం పుస్తకానికి వచ్చింది.

వేట_కుక్క_వేణు
టెక్సస్‌లోనే లబ్బక్‌లో ఉంటాను. ఎనిమిదేళ్ళుగా కౌజు వేటకు వెళుతున్నాను, దాచుకోవాల్సిన పని లేదు. అబిలీన్ బాబూ, మీ పెద్దాయన చెప్పింది చాలావరకు నిజం. బాబ్‌వైట్ 1966లో ఇక్కడ పక్షుల లెక్కింపు సర్వే మొదలైన దగ్గర్నుంచి 80 శాతానికి పైగా తగ్గింది. తుపాకీ వల్ల కాదు. గడ్డి దున్నేశారు, అంచు నుంచి అంచు దాకా పంట వేశారు, ఎండుగడ్డి కోసం బెర్ముడా వేశారు. బెర్ముడా అంటే మన గరికే. వినాయకుడికి మంచిదే గానీ కౌజుకి కాదు. నేలనంతా చాపలా కప్పేస్తుంది. పిల్ల బొటనవేలంత ఉంటుంది, దానికి దుబ్బుల మధ్య నడవడానికి ఖాళీ నేల కావాలి.

ఇక డబ్బు సంగతి. ఇక్కడ తుపాకులు, తూటాల మీద 1937 నాటి చట్టం ప్రకారం 10, 11 శాతం పన్ను ఉంది. అది ఫెడరల్ ప్రభుత్వం ద్వారా రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి వెళుతుంది. పిట్టల్ని చూసి ఫోటో తీసేవాళ్ళ బైనాక్యులర్ మీద ఆ పన్ను లేదు.

నంద్యాల_నాగు
ఈ మాట మన దగ్గర చెప్పి చూడండి. మా జిల్లాలో రోళ్ళపాడు. బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యం చేశారు. వేట లేదు, కాపలా ఉంది. నా చిన్నప్పుడు మా నాన్న సైకిల్ మీద తీసుకెళ్ళి చూపించాడు, మనిషి నడుము దాకా వచ్చే పక్షి, తల ఎత్తి నడిచేది. ఇప్పుడు దాన్ని చూద్దామని వెళ్ళినవాళ్ళు జింకల్ని చూసి తిరిగొస్తున్నారు. చుట్టూ బీడు పొలాలు కాలువ నీళ్ళు వచ్చాక పైరు పొలాలయ్యాయి. బీడుని బీడుగా ఉంచిన రైతుకి రూపాయి రాలేదు మరి. జింకలు పైరు తింటే నష్టం మాత్రం అతనిదే. వేణుగారి మాటలో నాకు ఆ ముక్క నచ్చింది. ఉంచినవాడికి ఏదో ఒకటి దక్కాలి.

పల్లె_పద్మ
అయితే రోళ్ళపాడులో వేట టూరిజం పెడదామా? ఆ బట్టమేకను తుపాకులతో తరిమిందీ వేటగాళ్ళే కదా. చీతా ఈ దేశంలో లేకుండా పోయిందని 1952లో ప్రకటించారు. రాజుల సరదా.

కడప_కలివి
పెట్టకూడదు, పెట్టలేరు కూడా. 1972 చట్టం ప్రకారం మన దగ్గర అడవి కౌజుని పట్టడమే నేరం. ఆ చట్టం ఉండాలనే నా అభిప్రాయం. అక్కడ టెక్సస్‌లో 95 శాతం నేల సొంత ఆస్తి, వేల ఎకరాలు ఒక్కరి చేతిలో, లైసెన్సు, సీజన్, రోజుకు ఇన్ని పిట్టలని లెక్క. ఇక్కడ రెండెకరాల రైతు, ఊరుమ్మడి బీడు. లెక్క పెట్టేవాడు లేడు. ఒక్క సీజన్‌లో ఊడ్చేస్తారు.

కానీ పద్మగారూ, వేటగాడంటే శత్రువని మాత్రం నేను అనలేను. కలివి కోడి అని మా దిక్కు అరుదైన పక్షి, 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో మా జిల్లాలో రెడ్డిపల్లి దగ్గర దాన్ని రాత్రిపూట లైటు వెలుగులో పట్టింది ఐతన్న అనే పిట్టల వేటగాడు. శాస్త్రవేత్తలు చూపించిన బొమ్మ చూసి ఈ పక్షి నాకు తెలుసన్నాడు, పట్టి తెచ్చాడు. ఆ పక్షి బతకలేదు. కానీ దానివల్లే లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చాల్సి వచ్చింది. దాని అడుగు ఎక్కడ పడుతుందో తెలిసిన మనిషి అతనొక్కడే. అలాంటివాళ్ళకి కాపలా పనో గైడ్ పనో ఇస్తే అది మన టూరిజం.

గోదారి_గట్టు
ఈ కథ నాకు తెలియదు. ఫ్రై కోసం వచ్చి ఇక్కడే కూర్చుండిపోయాను.

కంజు_ఫార్మ్_జగిత్యాల
అబిలీన్ అన్న, ఒక్కటి అడగాలె. లాడ్జి పెడితే పిట్టలెక్కడియి? అడవియేనా, ఫార్మ్‌ల పెంచి వదిలేవా? మొన్న ఒక వీడియోల చూసిన, పొద్దున బుట్టల తెచ్చి గడ్డిల వదులుతున్నరు, గంటకు టూరిస్టులు వచ్చి కాలుస్తున్నరు.

వేట_కుక్క_వేణు
అసలు ప్రశ్న జగిత్యాల తమ్ముడు అడిగాడు. అదంతా ఫార్మ్ పిట్టే. చాలా లాడ్జీలు అలాగే నడుస్తాయి. టూరిస్టుకి తప్పకుండా పిట్ట లేవాలి, డబ్బు కట్టాడు కదా. దానికి మంచి గడ్డి అక్కర్లేదు, జొన్న చాళ్ళు రెండు చాలు. అలాంటి చోట "వేట వల్ల ఆవాసం నిలబడుతోంది" అంటే నేనూ ఒప్పుకోను. నేను అక్కడికి వెళ్ళను.

కంజు_ఫార్మ్_జగిత్యాల
బయట వదిలితే అవి బతకయి కూడా. నా ఫార్మ్‌లకెళ్ళి ఒకసారి జాలి చినిగి నలభై దాకా బయటపడ్డయి. ఎటూ పోలే. గోడ పక్కనే గుంపుగ కూసున్నయి. తెల్లారేసరికి పిల్లులు సగం తిన్నయి. దాక్కోవాలని వాటికి తల్లి నేర్పలే, మనం నేర్పలేం.

థామస్‌విల్_డాక్టర్
ఇక్కడి పరిశోధకులు కూడా ఏళ్ళ తరబడి అదే చెబుతున్నారు. వదిలిన పిట్టల్లో చాలావరకు కొద్ది వారాల్లోనే పోతాయి. వాటి రోగాలు అడవి పిట్టలకి అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

లెక్కల_రాజేశ్
ఆస్టిన్‌లో టాక్స్ పని చేస్తాను. ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. టెక్సస్‌లో 1995 నుంచి వ్యవసాయ పన్ను రాయితీ ఉన్న భూమిని వన్యప్రాణి నిర్వహణ కిందకి మార్చుకోవచ్చు, పన్ను అంతే తక్కువగా ఉంటుంది. ఏడు పనుల్లో కనీసం మూడు చేయాలి: ఆవాసం సరిచేయడం, నేల కోత ఆపడం, హాని చేసే జంతువుల అదుపు, నీళ్ళు, మేత, గూళ్ళు, లెక్కింపు. ఈ జాబితాలో వేట లేదు. మీ పెద్దాయన వేట లేకపోతే రాయితీ పోతుందని చెప్పి ఉంటే అది పొరపాటు. పిట్టల్ని చూడటానికి వచ్చినా చట్టం చెప్పే వినోదం కిందకే వస్తుంది. ముందు ఏడాది ఆ భూమి వ్యవసాయ రాయితీలో ఉండి ఉండాలి, అది చూసుకోండి. వాడకం పూర్తిగా మార్చేస్తే మాత్రం మూడేళ్ళ వెనకటి పన్ను తేడా కట్టిస్తారు. లీజుకిస్తే భూ యజమానిగా వేట లీజు లైసెన్సు తీసుకోవాలి.

అబిలీన్_పొలం
రాజేశ్ గారూ, చాలా థాంక్స్. ఆయన అలా అనలేదు, మా వాడొకడు అలా అర్థం చేసుకున్నాడు. సగం గొడవ అక్కడే.

ఫార్మ్ పిట్టల సంగతి ఆయన్ని నిన్న అడిగాను. మొహం మాడ్చుకున్నాడు. "అడవి పిట్ట లేని ఏడాది గేటు మూస్తాను, బుట్ట పిట్ట తేను" అన్నాడు.

హెచ్‌వన్_హరి
చిన్న డౌటు. వీసా మీద ఉన్నవాళ్ళం తుపాకీ పట్టుకోవచ్చా? ఆఫీసులో పిలుస్తున్నారు.

వేట_కుక్క_వేణు
ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్‌వన్ లాంటి తాత్కాలిక వీసా వాళ్ళకి తుపాకీ, తూటా దగ్గర ఉంచుకోవడం నిషేధం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు వాళ్ళకి ఈ అడ్డు లేదు. లైసెన్సు లేకుండా స్నేహితుడి తుపాకీ ఒక్క నిమిషం కూడా పట్టుకోవద్దు హరీ. లాయర్‌ని అడిగి వెళ్ళు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి.

నంద్యాల_నాగు
వేణు అన్నా, రోజుకెన్ని కొట్టొచ్చు?

వేట_కుక్క_వేణు
చట్టం 15 దాకా ఒప్పుకుంటుంది. సీజన్ అక్టోబరు చివర లేదా నవంబరు మొదట్లో మొదలై ఫిబ్రవరి చివరి దాకా. నేను ఎప్పుడూ ఆరు దాటలేదు. గుంపులో ఎనిమిది కంటే తక్కువ మిగిలితే ఇక ఆ గుంపు జోలికి వెళ్ళను. చలి రాత్రుల్లో అవి తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి గుండ్రంగా కూర్చుని ఒకదాన్నొకటి కాచుకుంటాయి. తక్కువుంటే వెచ్చదనం చాలదు.

పల్లె_పద్మ
ఈ మాట చదివి నాకు ఏడుపొచ్చింది. అంత తెలిసీ ఎలా కాలుస్తావు తమ్ముడూ?

వేట_కుక్క_వేణు
అక్కా, దీనికి నేర్పుగా జవాబు నా దగ్గర లేదు. మా ఇంట్లో కోడిని కోస్తాం, మా నాన్న చేపలు పట్టేవాడు. కొట్టిన ప్రతి పిట్టనూ తింటాను. నేను ఆ నేల మీద ఏడాదికి ముప్పై రోజులు ఉంటాను. అందులో వేట ఎనిమిది రోజులు. మిగతా రోజులు మెస్కిట్ కొమ్మలు సగం నరికి వంచి నీడ చేయడం, నీటి తొట్లు కడగడం, లెక్క పెట్టడం. వేట లేకపోతే ఆ ఇరవై రెండు రోజులు వెళ్ళేవాణ్ణా అంటే, వెళ్ళేవాణ్ణి కాదు.

పల్లె_పద్మ
నిజం చెప్పావు, అది చాలు. నేను మాత్రం కాల్చకుండా వెళ్ళేవాళ్ళు కావాలంటాను. సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండగకి జనం తుపాకీ పట్టుకుని వస్తున్నారా? నేలపట్టు చెట్ల మీద గూళ్ళు చూడటానికి బస్సులు కట్టుకుని వస్తారు. పక్కన ఇడ్లీ బండి వాడు కూడా బాగుపడతాడు.

లెక్కల_రాజేశ్
టెక్సస్‌లోనే దక్షిణాన హార్లింజన్‌లో 1994 నుంచి ఏటా నవంబరులో పక్షుల పండగ జరుగుతుంది, హోటళ్ళు నిండుతాయి. కానీ అక్కడ అమెరికాలో ఇంకెక్కడా పెద్దగా కనబడని మెక్సికో వైపు పక్షులున్నాయి. అబిలీన్ ఉత్తరాన ఒక్క కౌజు కోసం అంతమంది వస్తారా అంటే నాకు అనుమానమే.

వేట_కుక్క_వేణు
ఇంకో ప్రమాదం చెప్పాలి. మీ అబిలీన్ వైపు వాన ఉన్న ఏడాది పిట్టలే పిట్టలు, కరువు ఏడాది ఏమీ ఉండవు. మామూలు ఏడాదే శరదృతువులో ఉన్న వాటిలో 80 శాతం వచ్చే శరదృతువు దాకా బతకవు, వేట ఉన్నా లేకపోయినా. అందుకే ఒక్కో గూట్లో 12 నుంచి 16 గుడ్లు. వాన లేకపోతే పురుగులు ఉండవు, పిల్లలకి మొదటి వారాల్లో పురుగులే తిండి. అప్పు చేసి లాడ్జి కట్టి, రెండేళ్ళు వరసగా కరువొస్తే బుట్ట పిట్టల దగ్గరికే వస్తారు. చాలామంది అలాగే వచ్చారు. కాబట్టి కొత్తగా కట్టకండి, పాత ఇంటికి సున్నం వేసి ఆపండి. ఉన్న పిట్టల్లో 20 శాతం మించి తీయొద్దని ఇక్కడి శాస్త్రవేత్తలు అంటారు. అంటే ముందు లెక్క కావాలి.

థామస్‌విల్_డాక్టర్
210 ఎకరాలు ఒంటరిగా అయితే అడవి కౌజులకి చాలదు. పెద్దాయనదీ, మీదీ, ఆ ఇద్దరిదీ నాలుగు పొలాలూ కలిస్తేనే ఏదైనా. వేట పెట్టినా పెట్టకపోయినా ఆ పెద్దాయనతో గొడవ పెట్టుకోకండి.

కడప_కలివి
పశువులెన్ని ఉన్నాయి మీ దాంట్లో? ఫుట్‌బాల్ అంత గడ్డి దుబ్బులు ఎన్ని మిగిలాయో ముందు చూడండి. గూడు దుబ్బు అడుగునే కడుతుంది. దుబ్బుల్లేని చోట వేట గురించి వాదించుకోవడం దండగ.

అబిలీన్_పొలం
పశువులు పక్కాయనవి నలభై దాకా మా దాంట్లో మేస్తున్నాయి, వ్యవసాయ రాయితీ కోసమే. దుబ్బులు వాగుకి అటువైపు బాగున్నాయి, ఇటువైపు గొరిగినట్టుంది.

మొన్న ఆదివారం నలుగురం జూమ్‌లో మాట్లాడుకున్నాం. పెద్దాయన్ని కూడా పిలిచాం. ఈ ఏడాది లీజు లేదు. పశువుల్ని ఇరవైకి తగ్గించి, వాగు ఇటువైపు కంచె వేసి నేలకి ఏడాది విశ్రాంతి ఇస్తాం. మేలో, నవంబరులో లెక్క పెడతాం. గుంపులు బాగా ఉంటే వచ్చే ఏడాది ఆయన మనుషులు నలుగురికే, గుంపుకి ఇన్నే అని రాసుకుని ఇద్దాం అన్నారు ఇద్దరు. ససేమిరా అన్నవాడు ఇంకా ఒప్పుకోలేదు. నేనూ ఇంకా తేల్చుకోలేదు. బుట్ట పిట్టలు మాత్రం ఎప్పటికీ లేవు, అది నలుగురం సంతకం పెట్టాం.

పల్లె_పద్మ
మీ అమ్మగారు ఏమన్నారు?

అబిలీన్_పొలం
జూన్‌లో వస్తోంది. "నేనొచ్చి ఆ పిట్ట కూత విన్నాక చెబుతా, అప్పటిదాకా ఎవరూ తుపాకీ తేవద్దు" అంది.

కడప_కలివి
వసంతంలో లెక్క అంటే సూర్యోదయం నుంచి రెండు గంటలు. ఒకే చోట ఐదు నిమిషాలు కదలకుండా నిలబడి, ఎన్ని మగ పిట్టలు "బాబ్ వైట్" అని కూశాయో రాసుకోవాలి. అర మైలు జరిగి మళ్ళీ. నవంబరులో అయితే సూర్యోదయానికి ముందే, గుంపు కూత వేరుగా ఉంటుంది. ఫోన్‌లో రికార్డు చేసి ఇక్కడ పెట్టండి, వినాలని ఉంది.

అబిలీన్_పొలం
పెడతాను. మే మొదటి శనివారం తెల్లవారుజామున రెండింటికి డాలస్‌లో బయల్దేరుతున్నాం. కార్లో ఇద్దరికి చోటుంది, ఎవరైనా వస్తానంటే చెప్పండి. పొడుగు బూట్లు తప్పనిసరి, ఆ నాగజెముడు దగ్గర గిలక పాములున్నాయి.

గోదారి_గట్టు
ఒక సీటు నాది. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఎక్కుతాను, ఫ్లాస్కులో టీ తెస్తాను.